ఆదివారం మోగిన ఫోన్



విశ్వాసం గురించి మాట్లాడమన్నారు. నేను క్రైస్తవురాలిని, దాచను. అయితే నేను వార్డెన్‌గా ఉన్నది ప్రభుత్వ హాస్టల్. మా పిల్లల్లో కాణిపాకం వినాయకుడికి మొక్కేవాళ్లున్నారు, గంగమ్మకు మొక్కేవాళ్లున్నారు, చర్చికి పోయేవాళ్లున్నారు. అక్కడ నేను బైబిల్ తెరవను, తెరవకూడదు కూడా. మరి నా విశ్వాసానికి అక్కడ పనేముంది? ఆదివారం చర్చిలో ఉంటే చాలనుకుని చాలా ఏళ్లు గడిపేశాను.

ఒక ఆదివారం ఆరాధనలో ఉండగా హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది. శబ్దం ఆపి బ్యాగులో వేసుకున్నాను. మూడుసార్లు వచ్చింది, తియ్యలేదు. బయటికొచ్చి అడిగితే, ఐదో తరగతి పాపకు జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయన్నారు. వంటామె ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయింది. పాప బతికింది. వంటామె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనుంటే బాగుండేది. ఆమె ఏ చర్చికీ పోదు.

ఆ రాత్రి నాకు ఐడా స్కడర్ గారు గుర్తొచ్చారు. మన పూతలపట్టు మీదుగా పోయే రైలు ఎక్కి కాట్పాడిలో దిగి, జబ్బు చేస్తే మనవాళ్లు పరిగెత్తే రాయవేలూరు సీఎంసీ ఆమె పెట్టిందే. ఆమె అమెరికా మిషనరీ డాక్టరు కూతురు. తనకు మాత్రం మిషనరీ కావాలని లేదు. తిండివనంలో తండ్రి దగ్గర ఉన్నప్పుడు ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, భార్యకు కాన్పు కష్టమైంది రమ్మని. ఆమెకు వైద్యం రాదు. మగ డాక్టరును పంపిస్తామంటే వాళ్లు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఆమె అమెరికా పోయి డాక్టరు చదివి 1900లో తిరిగొచ్చింది. ఒక్క మంచంతో మొదలుపెట్టింది. 1902లో ఆస్పత్రి, 1918లో ఆడవాళ్లకు మెడికల్ స్కూలు. ఆస్పత్రి కట్టాక అందులోనే కూర్చోలేదు. రాలేనివాళ్ల కోసం పల్లెదారుల్లో చెట్ల కింద ఆగి మందులిచ్చింది. నాకైతే ఆస్పత్రి కంటే ఆ చెట్లే ఎక్కువ నచ్చుతాయి.

ఆమెకు ఆ రాత్రి వైద్యం రాదు కాబట్టి పోలేకపోయింది. నేను పోగలిగీ ఫోన్ తియ్యలేదు.

యేసు చెప్పిన సమరయుడి కథ సండే స్కూల్లో ఎన్నిసార్లు చెప్పానో. దెబ్బలు తిని పడున్నవాణ్ణి చూసి పక్కనుంచి పోయిన ఇద్దరూ గుడి పని చేసేవాళ్లే. అందులో నేనున్నానని అప్పటిదాకా తట్టలేదు.

ఇప్పుడు గుడ్లు తక్కువొస్తే గొడవ పడతాను. పుట్టిన సర్టిఫికెట్ లేని యానాది పిల్లకు కులధ్రువపత్రం కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతాను. ఇది చూసి ఎవరో మతం మారాలని కాదు. అలా ఆశపడి చేస్తే అది బేరమవుతుంది. చర్చి మానలేదు. ఫోన్ మాత్రం ఒళ్లో, శబ్దంతోనే ఉంటుంది. పాస్టరు గారికి మొదట్లో కోపం వచ్చింది, చెప్పాక ఊరుకున్నారు.

వేసవి సెలవులయ్యాక ఐదుగురు ఆడపిల్లలు తిరిగి రాలేదు. అమ్మానాన్నలతో ఇటుక బట్టీల్లో ఉన్నారట. వచ్చే ఆదివారం పొద్దున్నే పోతున్నాను. మీలో బైకులున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు నాతో వస్తే బాగుంటుంది. సభ అయ్యాక నాకు పేర్లు చెప్పండి.