మోటారు చరిత్ర – మా దాదాజాన్ నోటుబుక్కు

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)

నేను ఉర్దూ మీడియం పంతులును. నా తెలుగులో తప్పులుంటే మన్నించగలరు.

మా దాదాజాన్ బస్సు డిపోలో మెకానిక్. ఆయనకొక నోటుబుక్కు ఉండేది. ఏ బండికి ఏ తేదీన ఏ సామాను మార్చినది, ఏ గేరు పళ్లు అరిగినవి, అంతా ఉర్దూలో పెన్సిలుతో రాసేవారు. ఆయన పోయినాక, ఇంటికి సున్నం వేసేటప్పుడు ఆ బుక్కు పాత పేపర్లతో పాటు తూకానికి పోయింది. నేనప్పుడు పదో తరగతి. తక్కెట్లో పెట్టింది నేనే.

ఈ మధ్య కార్ల్ లుడ్విగ్‌సెన్ అనే అమెరికా ఆయన సంగతి చదివినప్పుడు ఆ బుక్కు మళ్లీ యాదికొచ్చింది. ఈయన 1934లో మిచిగన్ రాష్ట్రంలోని కలమజూలో పుట్టినారు. తండ్రి లారీల గేరుబాక్సుల ఇంజనీరు. కొడుకు ఎం.ఐ.టి.లో మెకానికల్ ఇంజనీరింగు, తర్వాత ప్రాట్ సంస్థలో డిజైను చదివి, జనరల్ మోటార్స్‌లో పనిచేసినారు. పత్రిక నడిపినారు. ఫియట్‌లో, ఫోర్డ్‌లో పెద్ద పదవులు చూసినారు. ఇంత చేసి, లోకానికి తెలిసింది మాత్రం మోటారు చరిత్రకారుడిగానే. పోర్షే కంపెనీ మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం 1977లో వచ్చింది. ఆయన కూడబెట్టిన ఫొటోలు, కాగితాలు ఇప్పుడు ఫ్లోరిడాలోని రెవ్స్ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నవి. కాగితం పారేయని మనిషి అన్నమాట!

చరిత్ర రాయటానికి ఇంజనీరే ఎందుకు అంటారేమో. ఒక్క సంగతి చెప్తాను. పాత బస్సుల్లో గేరు మార్చాలంటే క్లచ్ ఒకసారి తొక్కితే సరిపోదు. తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదలాలి. కింది గేరుకు పోవాలంటే ఇంజను వేగం కొంచెం పెంచి, మళ్లీ తొక్కి గేరు వేయాలి. పళ్ల వేగం కలవకపోతే గరగరమని కొరుకుతుంది. డబుల్ క్లచ్ అంటారు. మన శ్రీశైలం రోడ్డు మీద పాత లారీలు నడిపిన పెద్దలకు ఇది బాగా ఎరుకే. తెలియనివాడు చరిత్ర రాస్తే "డ్రైవరు బస్సు నడిపెను" అని ఒక ముక్కతో పోతాడు. ఘాటు దిగేటప్పుడు గేరు పడకపోతే ప్రాణం ఎట్లా అరచేతిలోకి వస్తుందో వాడికేం తెలుసు?

మనకు చరిత్ర లేదనుకోకండి. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే కింద బస్సులు మొదలైనవి. 27 బస్సులు, 166 మంది సిబ్బంది. ఆల్బియన్ బండ్లు, స్కాట్లండులో గ్లాస్గో నగరంలో చేసినవి. నంబరులో ఉండే జెడ్ అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని మన ఇళ్లల్లో చెప్పుకుంటారు. 1958లో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినాక ఆ బస్సుల వారసత్వం దానికి వచ్చింది. ఒక పాత ఆల్బియన్ బస్సును హైదరాబాదులో ఇప్పటికీ జాగ్రత్త చేసినారు. బస్సు మిగిలింది, సంతోషమే. ఆ 166 మందిలో స్పానర్ పట్టినవాళ్ల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు?

మన్ననూరులో చెక్‌పోస్టు ముందర రాత్రి గేటు తెరిచేదాకా ఆగిన డ్రైవర్లు, క్లీనర్లు, పంక్చరు వేసినవాళ్లు ఈ సభలోనే కూర్చుని ఉన్నారు. వారి దగ్గర పాత లైసెన్సులు, బ్యాడ్జీలు, పర్మిట్ కాగితాలు ఉంటాయి. కొన్ని ఉర్దూలో ఉంటాయి, ఇంట్లో పిల్లలు చదవలేరు. అమ్మీలు, ఖాలాలు పెట్టె సర్దేటప్పుడు ఒక్క మాట: తూకానికి వేసే ముందు నాకు చూపించండి. ఆదివారం పొద్దున బడి వరండాలో ఉంటాను. చదివి తెలుగులో రాసిస్తాను, అసలు కాగితం మీకే తిరిగి ఇస్తాను. పోయిన నెల ఒక చాచా తన తండ్రి డ్రైవింగ్ లైసెన్సు తెచ్చినారు. ఫొటో చెదలు తిన్నది. పేరు మాత్రం చదవగలిగినాము.