చూపరులు, చదువరులు

(ఒక పఠనమందిరము వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాసపు పాఠము)

 

ఈ పఠనమందిరపు కార్యదర్శిగారు మమ్ము పిలువ వచ్చినప్పుడు “ఆత్మోన్నతికి గ్రంథపఠనము” అను విషయమును అప్పగించిరి. సరేయంటిమి. తరువాత ఆలోచించుకొనగా, దానిని గూర్చి మాటలాడుటకు మాకెంత అధికారము కలదను సందేహము పుట్టినది. మేము నలుబది దాటినవారము. మా బుద్ధిని తీర్చినవి ఏవియని నిజముగా లెక్క చూచుకొన్నచో, పుస్తకములకెంత పాలున్నదో సినిమాహాలు బల్లలకును, క్రికెట్టు బయలుకును అంతకు తక్కువ పాలు లేదు. కావున కార్యదర్శిగారు క్షమింతురుగాక, ఈ మూటిని గూర్చియు కలిపియే మాటలాడెదము. సినిమాయు క్రికెట్టును పఠనమందిరములో ఉచ్చరింపదగని మాటలని తలచు పెద్దలు కొందరు కలరు. అట్టివారు ఉదయము పత్రికను అందుకొని ఆటల పుటనే ముందుగా విప్పుట మేము ఈ బల్లల వద్దనే చూచియున్నాము.

గ్రంథాలయోద్యమములో సేవకులుగా చేరి మాకు పదునైదేండ్లయినది. కోర్టు సెలవు దినములలో ఒక చిన్న గ్రంథాలయమున కూర్చుండి పుస్తకములిచ్చుట, పుచ్చుకొనుట, చినిగిన వానికి అట్టలు వేయించుట మా పని. ఆంధ్రదేశమున ఈ యుద్యమమునకు గొప్ప చరిత్ర కలదు. 1914లో బెజవాడలో తొలి మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణమై నిలిచిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవ కెక్కించి కాలువల వెంట పల్లెలకు పంపిరి. అంత శ్రమపడి ప్రజల యొద్దకు తెచ్చిన గ్రంథములలో నేడు మా బీరువానుండి ఎక్కువగా పోవునవి ఏవి? వ్యక్తిత్వ వికాసమను పేరుగల పుస్తకములు. యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘విజయానికి అయిదు మెట్లు’ ప్రతిని ఇప్పటికి రెండుమారులు కుట్టించితిమి. ఉద్యోగమునకు పరీక్షలు వ్రాయు బాలురు, కొట్టు పెట్టుకొన్న యువకులు, కాలేజీ విద్యార్థినులు వరుస కట్టి అడుగుదురు. మేము దానిని నిందింపము. తన్ను తాను బాగుచేసికొనవలెనను కోరిక మనుష్యునకు పుట్టుటయే శుభము.

అయితే వకీలు బుద్ధి ఊరకుండదు గదా! తిరిగివచ్చిన ఆ పుస్తకములను దస్తావేజులను చూచునట్లు తిప్పి చూచితిమి. మొదటి రెండు మూడు అధ్యాయములలో పెన్సిలు గీతలు దట్టముగా నుండును. కొన్ని పుటల యంచున “రేపటి నుండి” అని చిన్న అక్షరములతో వ్రాసికొన్నవారును కలరు. సగము దాటిన వెనుక కాగితము కడిగినట్లు తెల్లగా నుండును. దీనికి మేము నవ్వుటలేదు. మా యింట మా సొంత ప్రతులలోను గీతలు అక్కడనే నిలిచిపోయినవి.

ఈ జాతి గ్రంథములకు ఇంగ్లీషున పెద్ద పేరు తెచ్చినవాడు స్కాట్లండు దేశీయుడగు శామ్యూలు స్మైల్సు. ఆయన ‘సెల్ఫ్ హెల్ప్’ 1859లో వెలువడినది. అది పుట్టిన విధము మాత్రము గ్రంథముకంటెను మాకు ప్రియమైనది. లీడ్సు పట్టణమున కొందరు బీద యువకులు, కూలినాలి చేసికొనువారు, రాత్రివేళ ఒకచోట చేరి ఒకరికొకరు చదువు చెప్పుకొనుచుండిరి. చదువ వచ్చినవాడు రానివానికి, లెక్కలు వచ్చినవాడు తక్కినవారికి. చోటు చాలక, అంతకు ముందు కలరా రోగులను ఉంచిన గదిని, ఎవ్వరును అద్దెకు తీసికొన జంకుచున్న దానిని, వారు ధైర్యముచేసి పుచ్చుకొనిరి. పిమ్మట స్మైల్సును పిలిచి నాలుగు మాటలు చెప్పుమనిరి. ఆ ఉపన్యాసములే పెరిగి గ్రంథమైనవి. చూడుడు, పని ముందు వచ్చినది. పుస్తకము వెనుక వచ్చినది. మనము పుస్తకమును ముందు పెట్టుకొని పనికొరకు ఎదురు చూచుచున్నాము.

పుస్తకము ముందు వచ్చి మనుష్యుని లేపిన సందర్భములును లేకపోలేదు. 1904లో గాంధీగారు జోహాన్సుబర్గునుండి డర్బనుకు పోవుచు రైలులో రస్కిను రచించిన ‘అంటు దిస్ లాస్టు’ చదివిరి. స్టేషనులో ఆ పుస్తకమును చేతికిచ్చినవాడు పోలకు అను మిత్రుడు. ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదు. ఆ సంవత్సరమే ఫీనిక్సున భూమి కొని, ‘ఇండియన్ ఒపీనియన్’ అచ్చుకూటమును అక్కడికి మార్చి, పనిచేయువారికెల్లరకు, తెల్లవాడైనను నల్లవాడైనను, నెలకు మూడు పౌనుల సమాన వేతనమని ఏర్పరచిరి. ఆయనయు మా వృత్తివాడే. మంచి సంపాదన గలవాడు. ఆ పుస్తకమునకు ఆయన ధనముతోడను జీవితముతోడను వెల చెల్లించెను. మేము కోరియు కోరకయు కొన్న వ్యక్తిత్వ వికాస గ్రంథములకు మాత్రము అట్టమీద అచ్చువేసిన వెల తప్ప మరియొకటి చెల్లించి యెరుగము.

ఇక 2001వ సంవత్సరమునకు వచ్చెదము. అప్పుడు మేము డిగ్రీ విద్యార్థులము. ఆ మార్చి నెలలో కలకత్తా ఈడెన్ గార్డెన్సులో జరిగిన టెస్టు మ్యాచి మీలో మా యీడువారికి జ్ఞాపకముండును. ఆస్ట్రేలియావారు వరుసగా పదునారు టెస్టులు గెలిచి వచ్చియుండిరి. వారి 445 పరుగులకు మనవారు 171కే కూలి, 274 పరుగులు వెనుకబడి మరల ఆడవలసివచ్చినది. అట్టి సమయమున మన హైదరాబాదు బిడ్డ లక్ష్మణ్ 281 పరుగులు తీసెను, ద్రావిడు 180. నాలుగవనాడు ఉదయమునుండి సాయంకాలమువరకు ఒక్క వికెట్టు పడలేదు. చివరకు 171 పరుగులతో జయము మనదైనది. మా వీథిలో ఒక కిళ్లీ దుకాణమువాడు టెలివిజను పెట్టెను బయటి అరుగుమీద పెట్టెను. ఆనాడు మేము కాలేజీకి పోలేదని వేరుగ చెప్ప నక్కరలేదు. ఓడినవాడు మరల లేచునని వేయి పుస్తకములు చెప్పును. ఆ దినము అది కన్నులార చూచితిమి. ఎండలో గంటలకొలది నిలిచి, వచ్చిన బంతిని మాత్రమే ఆడుచు, తరువాతి బంతిని గూర్చి తలపకుండుట ఎట్లో చూచితిమి. 1926లో గిల్లిగను దండుపై నాగపురపు తెలుగువాడు సి. కె. నాయుడుగారు 153 పరుగులు తీసి, పదునొకండు సిక్సర్లు కొట్టినప్పుడు బొంబాయి చెట్లెక్కి చూచినవారికిని ఇట్టి పులకయే కలిగియుండును.

చూచుట వేరు, ఆడుట వేరు. లక్ష్మణ్ నిలిచిన యెండ మాకు తగులలేదు. మేము అరుగు నీడలో సోడా త్రాగుచుంటిమి. ఈ కాలపు బాలురకు అరుగును లేదు. మంచముమీద పండుకొని అరచేతిలో చూచుచున్నారు. కొందరు ఆట చూచుటతో నాగక పందెములు కాచి మా కచ్చేరి గుమ్మములకు వచ్చుచున్నారు. అది వేరొక దినమునకు తగిన విషయము.

ఆ సంవత్సరమే జూన్ నెలలో ‘లగాన్’ అను హిందీ చిత్రము వచ్చినది. కథ 1893 నాటిది. వానలులేక ఎండిన ఊరివారికి తెల్లదొర పందెము కట్టును: క్రికెట్టులో గెలిచినచో మూడేండ్లు పన్ను లేదు, ఓడినచో మూడింతలు కట్టవలెను. ఆ జట్టులోనికి భువనుడను నాయకుడు కచరా అను అస్పృశ్యుని తెచ్చును. వాని చేయి వంకర. ఆ వంకర చేతి బంతి నేల తాకి విచిత్రముగా తిరుగును. ఊరివారెల్లరు వాడున్నచో మేము ఆడమందురు. భువనుడు గట్టిగా నాలుగు మాటలనును. వారి కన్నులు తెరచుకొనును. ఆ ఘట్టమున హాలంతయు చప్పట్లతో మారుమ్రోగినది. మేమును చప్పట్లు కొట్టితిమి, కన్నీరును కార్చితిమి. మన భాషలో గూడవల్లి రామబ్రహ్మముగారు 1938లోనే ‘మాలపిల్ల’ను తీసిరి; అప్పటి హాలులలోను ఇట్టి చప్పట్లే మ్రోగియుండును.

చాల కాలము తరువాతగాని మాకు పాలవంకర్ బాలూ చరిత్ర తెలియలేదు. అతడు కల్పితుడు కాడు. చర్మకారుల కుటుంబమున పుట్టి, పూనాలో దొరల క్లబ్బున నెలకు నాలుగు రూపాయల జీతముపై నేల చదునుచేసి, వల కట్టి, దొరలు ఆడుకొనుటకు బంతులు వేయుచుండెను. బ్యాటు మాత్రము చేతికియ్యరైరి. అది దొరల సొత్తు. దొరలను ఓడింపవలెనన్న కోరికతో పూనా హిందువులు అతనిని తమ జట్టులో చేర్చుకొనిరి. మైదానములో అతడు తాకిన బంతినే అందరును తాకిరి. విరామ సమయమున మాత్రము అతనికి తేనీరు బయట, మట్టి ముంతలో. 1911లో ఇంగ్లండు పోయిన జట్టులో నూరు వికెట్లకు మించి పడగొట్టినను, హిందూ జట్టు నాయకత్వము అతనికెన్నడును దక్కలేదు. అతని తమ్ముడు విఠలునకు 1923లో దక్కినది. భువనుని నాలుగు మాటలకు సినిమాలో పట్టిన కాలము రెండు నిమిషములు; చరిత్రలో పట్టిన కాలము పాతికేండ్లకు పైన. ఆ బొంబాయి పందెములు హిందువులు, పార్సీలు, మహమ్మదీయులు, దొరలు అని మతములవారీగా సాగినవి. తరువాత ఐదవ జట్టును చేరినది. ఆటలో ఈ విభజన తగదని 1940లో గాంధీగారు నిర్మొహమాటముగా చెప్పిరి. 1946 తరువాత అవి జరుగలేదు.

ఇంతవరకు ఇతరుల కథ. ఇక మా కథ చెప్పక తప్పదు; దీనికొరకే ఇంతసేపు చుట్టు తిరిగితిమి.

మా పట్టణమున మాకొక జట్టు ఉండెడిది. దానికి మేమే నాయకులము. కాలువ కావలి పేటనుండి ఒక బాలుడు వచ్చి మాతో ఆడుచుండెను. మాకంటె రెండేండ్లు చిన్నవాడు; మమ్ము అన్నా యని పిలిచెడివాడు. అతని మణికట్టులో ఏమి మహిమయో, బంతి నేల తాకి పాములవలె ప్రక్కకు జరిగెడిది. మా జట్టు గెలిచిన మ్యాచులలో సగము అతడే గెలిపించెను. ఆ యేటి దసరా సెలవులలో పట్టణమున ఒక పందెపు పోటీ ఏర్పాటైనది. కప్పు ఇచ్చు పెద్దమనిషియే తన యింట ఆటగాండ్ర కందరకు భోజనము పెట్టుదుననెను. ముందునాటి సాయంకాలము మమ్ము పిలిపించి, చాల మర్యాదగా, “వాడు ఆడితే నాకేం అభ్యంతరం లేదు బాబూ, భోజనాల దగ్గరే ఇంట్లోవాళ్లు ఇబ్బంది పడతారు” అనిరి. కోపము లేదు, కఠినమైన మాట లేదు. మేము “చిత్తము” అంటిమి.

‘లగాన్’ చూచి అప్పటికి నాలుగు నెలలు. మా సంచిలో నాయకత్వమును గూర్చిన ఒక ఇంగ్లీషు పుస్తకము కలదు; ధైర్యమను అధ్యాయములో గీతలు కలవు. మరునాడు ఉదయము ఆ బాలుడు తెల్లచొక్కా ఉతికి ఇస్త్రీ చేయించుకొని వచ్చెను. “నీ చేయి నొప్పి అన్నావుగా, ఇవాళ విశ్రాంతి తీసుకో” అంటిమి. అతడు చేయి నొప్పియని ఎన్నడును అనలేదు. మా ముఖము చూచెను. సరే అన్నా, అని కట్టమీద తుమ్మచెట్టు క్రింద కూర్చుండి ఆట మధ్యాహ్నమువరకు చూచెను. భోజనపు వేళకు లేచి పోయెను. మేము ఓడిపోతిమి. ఓడకపోయినను ఈ కథ ఇంతే. పిమ్మట అతడు మాతో ఆడుటకు రాలేదు. పిలుచుటకు మేమును పోలేదు. జట్టులో ఎవ్వరును అడుగలేదు, అందరకును తెలియును.

మా పుస్తకమున ఏ దోషమును లేదు. అది చెప్పవలసినది చెప్పినది. సినిమాయు చెప్పవలసినది చెప్పినది. ఆ పెద్దమనిషి యింటి వరండాలో, ఒక్క మాట అనవలసిన క్షణమున, మేము చూపరులమై నిలిచితిమి. న్యాయవాదులమై ఇతరుల పక్షమున ఎన్ని వేల మాటలాడితిమో లెక్కలేదు. ఆ ఒక్క మాట మాత్రము బాకీ యున్నది.

పోయిన సంవత్సరము అతడు మాకు కోర్టు ఆవరణములో కనబడెను. ఒక భూమి తగవులో సాక్షిగా వచ్చియుండెను. పొరుగు జిల్లాలో ఉపాధ్యాయుడట. జుట్టు నెరసినది. మేమే గుర్తుపట్టి దగ్గరకు పోయి, వేపచెట్టు క్రింద నిలుచుండి, ఇరువది నాలుగేండ్ల నాటి మాటను ఎత్తి క్షమింపుమని అడిగితిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత, “ఆ రోజు నా బదులు ఎవరు వేశారు సార్?” అనెను. అన్నా యనలేదు. పేరు చెప్పితిమి. “ఎన్నిచ్చాడు?” అనెను. ఆరు ఓవర్లలో యాబది దాటినవని చెప్పితిమి. “ఆ నేల నెర్రెలిచ్చి ఉంది. బాగా తిరిగేది,” అని చేతిని ఒకసారి త్రిప్పి చూచుకొనెను. ‘లగాన్’ మాట వచ్చినప్పుడు, తాను ఆ సినిమా చూడలేదనియు, చూడవలెనని తోచలేదనియు చెప్పెను.

మేము గ్రంథాలయములో పనిచేయుచున్నామని విని, తన బడిలో ఏడెనిమిదిమంది పిల్లలు బంతి బాగుగా త్రిప్పుచున్నారనియు, ఆ విద్యను తెలుగులో బొమ్మలతో విడమరచి చెప్పిన పుస్తకము మీ బీరువాలో కలదాయనియు అడిగెను. మా బీరువాలో ఆత్మవిశ్వాసమును గూర్చి ముప్పదికి పైగా పుస్తకములు కలవు. అట్టిది మాత్రము లేదు. వెదకుచున్నాము; ఈ సభలోనివా రెవ్వరి యొద్దనైన ఉన్నచో, సభ ముగిసిన పిమ్మట ఒక్కమారు మమ్ము కలిసికొనుడని ప్రార్థించుచున్నాము.