పాత కారు కొనేవారికీ, అమ్మేవారికీ నాలుగు మాటలు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఎందుకు కలుసుకుంటామో మీకు తెలియనిది కాదు. 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పెన్షను అనేది సర్కారు వారి దయ కాదు, మన హక్కు అని చెప్పింది. దాని గురించి నాకంటె బాగా మాట్లాడగలవారు ఈ వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శిగారు నన్ను మాత్రం "మీరు సెకండు హ్యాండు కారు కొన్నారు గదా, ఆ సంగతులు చెప్పండి, మనవాళ్ళు చాలామంది అడుగుతున్నారు" అని ఆదేశించారు. నేను మెకానిక్‌ను కాను. 33 సంవత్సరాలు ఫైళ్ళు చూసిన గుమాస్తాను. కనుక ఇంజను గురించి కొంచెం, కాగితాల గురించి ఎక్కువ చెబుతాను. మన్నించాలి.

ఈ మధ్య అమెరికాలో ఉన్న మా మనవడు ఫోను చేసి, "తాతా, టాపు వెనక్కు ముడుచుకునే ముస్టాంగ్ కారు సెకండు హ్యాండులో కొన్నాను, రెండే తలుపులు" అని సంబరపడ్డాడు. మాకు ఇది కొత్తా నాయనా అన్నాను. తాలూకాఫీసు జీపుకు టాపు ఎక్కడుండేది? టార్పాలిన్ గుడ్డ చిరిగి, ముద్దనూరు రోడ్డులో దుమ్మంతా మా నెత్తినే గదా. ఇక రెండు తలుపుల కార్లా? 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మొదట్లో రెండు తలుపులదే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అధికారికి ఆ కారు ఉండేది. వెనక సీట్లోకి పోవాలంటే ముందు సీటు వంచి, మనిషి కూడా వంగి, పాక్కుంటూ పోవాలి. ఆయన తల్లిగారిని అందులోంచి దింపడానికి ఇద్దరు అటెండర్లు కావలసివచ్చేది. 1990ల చివర గోవాలో శాన్ స్టార్మ్ అని గుడ్డ టాపుతో రెండు తలుపుల కారు ఒకటి తయారు చేశారు గానీ అది జనంలోకి పోలేదు. సిమెంటు లారీలు, నాపరాళ్ళ లారీలు తిరిగే ఎర్రగుంట్లలో టాపు లేని కారు ఎవరికి కావాలి చెప్పండి? మన వయసుకు నాలుగు తలుపులు ఉండాలి, టాపు ఉండాలి, ఏసీ ఉండాలి. తరువాతనే తక్కినవి.

మా ఇంటామెకు మోకాళ్ళ నొప్పులు. నెలకు రెండుసార్లు కడప ఆసుపత్రికి, అప్పుడప్పుడు తిరుపతికి పోవాలి. బస్సు మెట్లు ఎక్కలేకపోతున్నది. బాడుగ కారు ప్రతిసారీ అంటే గిట్టుబాటు కాదు, పైగా మనకు కావలసిన రోజున దొరకదు. కొత్త కారుకు నా దగ్గర అంత లేదు. ఉన్నా, షోరూము నుంచి బయటికి వచ్చిన మరుక్షణం నుంచే ధర పడిపోయే వస్తువు మీద ఫిక్సెడ్ డిపాజిట్ అంతా పెట్టడానికి మనసు రాలేదు. ఆ పడిపోవడం మొదటి అయిదారేళ్ళలోనే ఎక్కువ. ఆ నష్టం మొదటి యజమాని భరించి ఉంటాడు. కనుక ఆరేడేళ్ళ కారు, ఒకే చేతిలో తిరిగినది, పెట్రోలుది చూడాలనుకున్నాను.

పెట్రోలే ఎందుకంటే, మనం తిరిగేది తక్కువ. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్. 6 డీజిల్ కార్లలో పొగగొట్టానికి మసి పట్టే జల్లెడ వంటిది ఒకటి ఉంటుంది. బండి అప్పుడప్పుడు దూరం, వేగంగా పోతేనే ఆ మసి కాలిపోతుంది. ఇంటి నుంచి రైల్వేస్టేషనుకు, స్టేషను నుంచి సంతకు తిరిగే బండికి అది మూసుకుపోయి ఖర్చు పెడుతుంది. పెట్రోలుకూ ఒక సంగతి ఉంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తున్నది. 2023 ఏప్రిల్ తరువాత తయారైన బండ్లు దానికి తగినట్టు వచ్చాయి. అంతకు ముందువైతే రబ్బరు పైపులు, వాషర్లు సర్వీసులో ఒకసారి చూపించుకోవాలి. మైలేజీ కూడా కొంత తగ్గుతుంది.

చిన్న కారా, పెద్ద కారా అని మా ఇంట్లో నెల రోజులు తర్జనభర్జన జరిగింది. నాలుగు మీటర్ల లోపు కార్లకు పన్ను తక్కువ. అందుకే 2012లో డిజైర్ కారు వెనక డిక్కీని కోసి 4 మీటర్ల లోపుకు తెచ్చారు. నాలుగు మీటర్లు దాటిన సిటీ, వెర్నా, సియాజ్ వంటివాటిలో వెనక కాళ్ళు చాపుకునే జాగా ఉంటుంది, గుంతల్లో కుదుపు తక్కువ. పైగా ఇటీవల జనం ఎత్తు కార్ల మోజులో పడి ఇటువంటివాటిని అడగడం తగ్గించారు. కొత్తప్పుడు చిన్న కారుకంటె ఎంతో ధర పలికినవి ఆరేడేళ్ళకు దాదాపు చిన్న కారు ధరకే వస్తున్నాయి. సుఖం కావాలి, డబ్బు పొదుపు కావాలి అనే మనబోటివారికి ఇదొక సందు. అయితే వీటికి సీటు కిందికి ఉంటుంది. కూర్చోవడం సుఖమే, లేవడమే కష్టం. వ్యాగన్ ఆర్ వంటి ఎత్తు కారులో కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని లేవవచ్చు.

నేను కడపలో ఒక కారు చూసి, రంగు, సీట్లు, అన్నీ నచ్చి, అడ్వాన్సు ఇవ్వబోయాను. మా ఇంటామె ఒకసారి కూర్చుని లేచి, "కారు బాగుండాది గానీ నా మోకాళ్ళకు బాగలేదు" అన్నది. ఆ మాటతో నాకు బుద్ధి వచ్చింది. అప్పటి నుంచి ఏ కారు చూసినా ముందు ఆమెను పదిసార్లు ఎక్కించి దింపించడం, తరువాతనే బానెట్ ఎత్తడం. చివరికి ఆమే ఒక ఉపాయం చెప్పింది. రెండంగుళాల గట్టి దిండు సీటు మీద వేస్తే లేవడం తేలికయింది. మెత్తటి దిండు పనికిరాదు, దిగబడుతుంది.

ఇక మోసపోయే చోటుకు వస్తాను. వేరే ఊళ్ళో ఒక వ్యాపారి దగ్గర కారు ఒకటి మార్కెట్టు కన్నా 80 వేలు తక్కువకు వస్తున్నదని తెలిసి, ప్రొద్దుటూరు నుంచి తెలిసిన మెకానిక్ సాయిబును వెంటబెట్టుకొని పోయాను. బయటికి కొత్త పెళ్ళికూతురులా ఉంది. సాయిబు ఇంజను జోలికే పోలేదు. వెనక సీటు బెల్టును చివరిదాకా లాగాడు. చివరి మూర బట్ట మీద మట్టి చార ఉంది. సీటు కింది కమ్మీలు తుప్పు. కింది చాప ఎత్తి వాసన చూసి, "సార్, ఈ బండి నీళ్ళు తాగింది సార్" అన్నాడు. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు ఎన్ని వేల కార్లు నీళ్ళలో నిలిచాయో టీవీలో చూశాము. అవన్నీ ఎక్కడికీ పోవు. కడిగి, ఆరబెట్టి, అత్తరు కొట్టి, ఆ వరద ఎరగని ఊళ్ళకు తెస్తారు. మనవంటి కరువు సీమలో కారు మునిగి ఉంటుందని ఎవరికి తోస్తుంది? వైర్లలో చేరిన తడి ఏడాది తరువాత పని చూపిస్తుంది. ఆ సాయిబుకు నేనిచ్చిన వెయ్యి రూపాయల కన్నా మంచి ఖర్చు నా జీవితంలో చేయలేదు.

టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదని అర్థం. 20 వేల కిలోమీటర్లే తిరిగిందని చెప్పిన కారుకు టైర్లు అప్పటికే మార్చి ఉంటే ఎందుకు మార్చావని అడగండి. మీటరును వెనక్కు తిప్పవచ్చు, సర్వీసు రికార్డును తిప్పడం అంత సులువు కాదు. ఏసీని మే నెల మిట్టమధ్యాహ్నం చూడాలి, డిసెంబరు ఉదయం కాదు. మన ప్రాంతంలో తిరిగిన బండి అయితే రేడియేటరు ముందు ఏసీ కండెన్సరులో సిమెంటు దుమ్ము పేరుకుని ఉంటుంది, అది తప్పక చూడాలి.

చివరికి 2023లో, బదిలీ మీద పోతున్న ఒక బ్యాంకు ఉద్యోగి దగ్గర 2016 నాటి సియాజ్ పెట్రోలు కారు 5 లక్షల 40 వేలకు కొన్నాను. ఆ కంపెనీ వారు 2025లో ఆ కారు తయారీ నిలిపివేశారు. విడిభాగాలు దొరుకుతున్నాయి, భయం లేదు. అయితే ఈ రోజు కొనేవారు ఒక లెక్క వేసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జి.ఎస్.టి. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తదాని ధర తగ్గినప్పుడు పాతదాని ధర కూడా తగ్గాలి గదా. పాత ధరే చెప్పే బ్రోకరుకు ఈ మాట గుర్తు చేయండి.

ఇప్పుడు నా సిగ్గుమాలిన సంగతి చెబుతాను. నేను 2004లో ప్రావిడెంటు ఫండు అప్పుతో కొన్న మారుతి 800ను 2016లో 65 వేలకు అమ్మాను. కొన్నాయన పరిచయస్తుడే. స్టాంపు కాగితం రాసుకున్నాము. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, తేదీ వేయకుండా ఆయన చేతిలో పెట్టాను. "నేను మార్పించుకుంటాను లెండి" అన్నాడు, సరేనన్నాను. కాగితాలు సక్రమంగా లేవని 33 ఏళ్ళు జనాన్ని వెనక్కు తిప్పిపంపినవాణ్ణి నేను. ఆయన మార్పించలేదు. ఇంకొకరికి అమ్మాడు. 2018లో నాకు ట్రిబ్యునల్ నుంచి నోటీసు. ఆ కారు సైకిలు మీద పోతున్న ఒక కూలీని కొట్టింది, కాలు విరిగింది. ఆర్.సి.లో పేరు నాది.

స్టాంపు కాగితం పట్టుకొని వకీలు దగ్గరికి పోతే ఆయన నవ్వి, 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి వివరించాడు. కారు ఎన్ని చేతులు మారినా, రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వారే యజమాని. నష్టపరిహారం వారే కట్టాలి. మా ఇంటామె గాజుల జోలికి పోవలసి వస్తుందేమోనని నేను రెండేళ్ళు సరిగా నిద్రపోలేదు. వాయిదాలకు పోయినప్పుడల్లా ఆ మనిషి చంకకర్రలతో వరండాలో కూర్చుని ఉండేవాడు. నన్ను చూసి నమస్కారం పెట్టేవాడు. ఆయనకు నేను ఏం చెప్పాలి, కారు నాది కాదని చెప్పాలా? దైవం మేలు చేసింది. మొదట కొన్నాయన ఇన్సూరెన్సు మాత్రం నా పేరు మీదనే రెన్యువల్ చేయించి ఉన్నాడు, ప్రమాదం నాటికి ఇంక 11 రోజులు గడువుంది. కంపెనీ కట్టింది. ఆ 11 రోజులు లేకుంటే నా కమ్యుటేషను డబ్బు అంతా దానికే పోయేది.

అందుచేత అమ్మేవారు దయచేసి వినండి. అదే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను చెబుతున్నది. ఆర్.సి.లో పేరు మారినట్టు కళ్ళారా చూసేవరకు కొంత పైకం నిలిపి ఉంచమని కొనేవాడు అడిగితే కోపగించుకోకండి, అది మీకే మంచిది. వ్యాపారికి అమ్మితే, 2023 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం అధీకృత డీలరు అయితే ఆన్‌లైనులో కబురు నమోదు చేసి, బండి బాధ్యత తన మీద వేసుకోవాలి. ఆ రసీదు తీసుకోండి. మీ నో క్లెయిం బోనస్ కారుతో పోదు, అది మీది. సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ళలోపు మరో కారుకు వాడుకోవచ్చు.

కొనేవారు ఆర్.సి.లో బ్యాంకు అప్పు నమోదు ఉందేమో చూడాలి. ఉంటే బ్యాంకు సంతకంతో ఫారం 35 లేనిదే అడుగు వేయవద్దు. పెండింగు చలానాలు, ఇన్సూరెన్సు గడువు ఇప్పుడు పరివాహన్ సైటులో పిల్లలు నిమిషంలో చూసిపెడతారు. తెలంగాణ, కర్ణాటక బండి చవక అనిపిస్తుంది. అక్కడి ఎన్.ఓ.సి., ఇక్కడి జీవిత పన్ను కలుపుకుంటే ఆ చవక కనబడదు. ఇన్సూరెన్సు 14 రోజుల్లో మన పేరు మీదికి మార్చుకోకుంటే ఎదుటివారికి జరిగిన నష్టానికి రక్షణ ఉంటుంది గానీ మన కారుకు జరిగిన దానికి ఉండదు.

ఈ సభలో ఫ్యామిలీ పెన్షను తీసుకునే అక్కచెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. వారికి ఒక మాట. ఆయన పేరు మీద ఉన్న కారు ఆయన పోయాక ఇంటి ముందర అట్లే నిలబడి ఉంటుంది. 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31 ద్వారా మీ పేరుకు మార్పించుకోవాలి. అది చేయకుండా అల్లుడికో, పక్కింటివారికో తాళాలు ఇవ్వవద్దు. 2021 నుంచి ఆర్.సి.లోనే నామినీ పేరు రాయించుకునే వీలు వచ్చింది. మన పెన్షను కాగితాల్లో నామినేషను ఉందో లేదో పదిసార్లు చూసుకుంటాము, కారుకు మాత్రం మరచిపోతాము. నేను కారు కొన్న నెలలోనే మా ఇంటామె పేరు రాయించాను.

డ్రైవింగు గురించి కూడా ఒక్క నిమిషం. 55 దాటినవారికి లైసెన్సు అయిదేళ్ళకొకసారి డాక్టరు సర్టిఫికెట్‌తో, అంటే ఫారం 1ఏతో, రెన్యువల్ చేసుకోవాలి. కంటి శస్త్రచికిత్స అయిన తరువాత నేను రాత్రిపూట నడపడం మానేశాను. చీకటిపడితే మా వీధి కుర్రవాణ్ణి పిలుస్తాను.

ఫారం 29, 30, 31 నకళ్ళు ముప్పై జిరాక్సు తీయించి తెచ్చాను. కార్యదర్శిగారి బల్ల మీద ఉన్నాయి. కారు బయట వేపచెట్టు కింద ఉంది, మోకాళ్ళ నొప్పులున్నవారు ఎక్కి దిగి చూసుకోవచ్చు. దిండు సీటు మీదనే ఉంది.