విశ్వాసి నేర్చుకోవడం మానడు

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. తల్లి గర్భం నుంచి ఏమీ తెలియని స్థితిలో వచ్చిన మనిషికి వినికిడిని, చూపును, ఆలోచించే హృదయాన్ని అనుగ్రహించినవాడు ఆయనే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, వారి కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! ముందుగా నన్ను, ఆ తరువాత మిమ్మల్ని అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ఉపదేశిస్తున్నాను.

ఈ రోజు మనం ఒక చిన్న మాటను గురించి ఆలోచిద్దాం. అది మన నోట తరచుగా వచ్చే మాట: "నాకు రాదు."

మస్జిదులో ఖుర్ఆన్ పఠనం నేర్పుతున్నారంటే ఏభై ఏళ్ల పెద్దమనిషి వెనుక వరుసలోనే ఉండిపోతాడు. "ఈ వయసులో నాకేం వస్తుంది?" అంటాడు. లెక్కల్లో రెండుసార్లు తప్పిన అబ్బాయి "లెక్కలు నా తలకెక్కవు" అని పుస్తకం మూసేస్తాడు. గోడల మీద, బోర్డుల మీద అందంగా అక్షరాలు రాసి సంసారం నడిపిన పనివాడు, ఫ్లెక్సీలు వచ్చి పని తగ్గిపోయాక, కంప్యూటరు మీద అక్షరాలు కూర్చడం నేర్చుకోమంటే "నా నసీబు ఇంతే" అని నిట్టూరుస్తాడు. ముగ్గురి మాటలు వేరైనా భావం ఒక్కటే. ఈ రోజు రానిది ఎన్నటికీ రాదని ముగ్గురూ తీర్పు చెప్పేసుకున్నారు. ఆ తీర్పు చెప్పే అధికారం మనకు ఎవరిచ్చారు?

సోదరులారా! దైవప్రవక్త (స) సహచరుల్లో జైద్ బిన్ సాబిత్ (రజి) జీవితాన్ని చూడండి. దైవప్రవక్త (స) మదీనాకు వలస వచ్చేనాటికి ఆయన 11 ఏళ్ల బాలుడు. తండ్రి అప్పటికే బుఆస్ యుద్ధంలో మరణించారు. హిజ్రీ 2వ సంవత్సరంలో ముస్లింలు బద్ర్‌కు బయలుదేరినప్పుడు ఆయన కూడా వెళ్లాలని ఆశించారు. వయసు చాలదని ఆయనను వెనక్కి పంపారు. తోటివారి ముందు వెనుదిరగడం ఆ పసి మనసుకు ఎంత కష్టమో ఊహించండి. అయితే యుద్ధరంగంలో తనకు చోటు దొరకనంత మాత్రాన ధర్మసేవలోనే తనకు చోటు లేదని ఆయన అనుకోలేదు.

ఆ బాలుడు పదికి పైగా సూరాలు కంఠస్థం చేశాడని బంధువులు దైవప్రవక్త (స) వద్ద విన్నవించారు. వారు సంతోషించి, యూదుల లిపిని నేర్చుకోమని జైద్ (రజి)ను ఆదేశించారు. ఉత్తరప్రత్యుత్తరాల విషయంలో ఇతరులపై ఆధారపడటం వారికి నమ్మకంగా తోచలేదు. సగం నెల గడిచేసరికి జైద్ (రజి) ఆ లిపిని నేర్చుకున్నారు. నాటి నుంచి దైవప్రవక్త (స) పంపే లేఖలు రాయడం, వారికి వచ్చే లేఖలు చదివి వినిపించడం ఆయన బాధ్యత అయింది. వహీని లిఖించే లేఖకుల్లోనూ ఆయన ఒకరయ్యారు.

ఇక్కడ ఒక క్రమాన్ని గమనించండి. ముందు అవసరం వచ్చింది. ఆ తరువాత శ్రమ వచ్చింది. చివరకు నైపుణ్యం వచ్చింది. మనం ఈ క్రమాన్ని తలకిందులు చేస్తున్నాము. నైపుణ్యం ముందే ఉంటే తప్ప శ్రమకు పూనుకోబోమని భీష్మించుకుంటున్నాము. ఈత వచ్చాకే నీళ్లలోకి దిగుతానన్నవాడికి ఈత ఎప్పుడు రావాలి?

జైద్ (రజి)కు అసలు భయమే కలగలేదా? కలిగింది. దైవప్రవక్త (స) ఈ లోకాన్ని వీడిన తరువాత జరిగిన యమామా యుద్ధంలో ఖుర్ఆన్ కంఠస్థం చేసినవారు అనేకులు అమరులయ్యారు. ఉమర్ (రజి) సలహాపై ఖలీఫా అబూబక్ర్ (రజి) జైద్‌ను పిలిపించి, ఖుర్ఆన్ అంతటినీ ఒకచోట సేకరించే పనిని అప్పగించారు. అప్పటికి ఆయన ఇరవయ్యో పడిలో ఉన్న యువకుడు. దైవప్రవక్త (స) చేయని పనిని మనం ఎలా చేయగలమని మొదట సంకోచించారు. ఒక పర్వతాన్ని కదిలించమన్నా తనకు అంత బరువుగా తోచేది కాదని తరువాతి కాలంలో ఆయనే చెప్పుకున్నారు. అయినా, అది మంచి పని అని హృదయం నమ్మిన మీదట వెనుకాడలేదు. ఖర్జూర మట్టల మీద, పలుచని రాతి పలకల మీద రాసి ఉన్న వాక్యాలను, మనుషుల హృదయాల్లో ఉన్న వాక్యాలను వెదకి వెదకి సేకరించారు. ఖుర్ఆన్ తనకే కంఠస్థమై ఉన్నా, కేవలం తన జ్ఞాపకాన్ని నమ్ముకొని కూర్చోలేదు. వచ్చినవాడు కూడా సరిచూసుకుంటాడు, ఇతరులను అడుగుతాడు. నేర్చుకునే గుణమంటే ఇదే.

బద్ర్‌కు పనికిరాడని వెనక్కి పంపిన ఆ బాలుడి శ్రమ ఫలాన్ని నేడు యావత్తు ముస్లిం సమాజం అనుభవిస్తున్నది. మన చేతుల్లోని ముస్‌హఫ్‌ను తెరిచిన ప్రతిసారీ ఆ శ్రమకు మనం ఋణపడి ఉన్నాము.

కొందరు అడుగుతారు: "అంతా తఖ్దీర్‌లో రాసి ఉన్నప్పుడు మన ప్రయత్నంతో ఏమవుతుంది?" ఈ ప్రశ్నకు ఉమర్ (రజి) జీవితంలో సమాధానం ఉంది. ఆయన సిరియాకు వెళ్తూ సర్గ్ అనే చోటికి చేరినప్పుడు అక్కడ మహమ్మారి ప్రబలిందని తెలిసింది. సంప్రదింపుల అనంతరం వెనుదిరగాలని నిశ్చయించారు. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా (రజి) అడిగారు. తాము అల్లాహ్ విధివ్రాత నుంచి అల్లాహ్ విధివ్రాత వైపునకే వెళ్తున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒక లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే, ఒంటెలను ఎటువైపు మేపినా అది అల్లాహ్ విధివ్రాతేనని ఉదాహరణతో వివరించారు. అయితే తెలివైన కాపరి పచ్చిక ఉన్నవైపే తోలుకెళ్తాడు కదా! మన ప్రయత్నం కూడా తఖ్దీర్‌లోని భాగమే. ప్రయత్నించకముందే "ఇది నా తఖ్దీర్‌లో లేదు" అనేవాడు తనకు తెలియని అగోచర విషయం గురించి మాట్లాడుతున్నాడు.

అల్లాహ్ మనందరినీ క్షమించుగాక! మీరు కూడా ఆయనను క్షమాభిక్ష వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన దాసుడూ ప్రవక్తా అయిన ముహమ్మద్ (స)పై శాంతీ శుభాలు కలుగుగాక!

సోదరులారా! మొదట చెప్పిన ఆ పెద్దమనిషి దగ్గరకు తిరిగి వద్దాం. ఆయన వెనుక వరుసలో ఆగిపోవడానికి కారణం చేతకానితనం కాదు, సిగ్గు. అరబీలో రెండు 'హా'లు ఉంటే తెలుగులో 'హ' ఒక్కటే. అరబీ 'ఐన్' మన నాలుకకు కొత్త. తడబడితే పిల్లలు నవ్వుతారని ఆయన భయం. కాని దైవప్రవక్త (స) అందించిన శుభవార్త వినండి: ఖుర్ఆన్‌ను నేర్పుగా పఠించేవారు గౌరవనీయులైన దైవదూతల సరసన ఉంటారు, తడబడుతూ, కష్టపడుతూ పఠించేవారికి రెండు పుణ్యాలు లభిస్తాయి. మనుషులు నవ్వే ఆ తడబాటుకే అల్లాహ్ వద్ద ప్రతిఫలం ఉందన్నమాట.

మరి నేర్పేవారు ఎలా ఉండాలి? ఒక వ్యక్తి మస్జిదుకు వచ్చి తొందర తొందరగా నమాజు చేశాడు. దైవప్రవక్త (స) అతని సలాముకు బదులిచ్చి, తిరిగి నమాజు చేయమని, అతని నమాజు కాలేదని చెప్పారు. ఇలా మూడుసార్లు జరిగింది. చివరకు అతడు తనకు ఇంతకంటే బాగా చేయడం రాదనీ, నేర్పమనీ కోరాడు. అప్పుడు దైవప్రవక్త (స) రుకూ, సజ్దా, మధ్యలో నిలిచే స్థిమితం అన్నీ ఒక్కొక్కటిగా వివరించారు. తప్పును తప్పుగానే చెప్పారు, కాని మనిషిని కించపరచలేదు. అతడు కూడా "నాకు రాదు" దగ్గర ఆగిపోలేదు, "నేర్పండి" అని అడిగాడు. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే మన బాగోగులను నిర్ణయిస్తుంది.

కనుక తల్లిదండ్రులారా, పిల్లవాడిని "మొద్దు" అని పిలవకండి. ఆ మాట వాడి చెవిలో పడి మనసులో పాతుకుపోతుంది. ఎక్కడ తప్పిందో అడగండి, పక్కన కూర్చోండి. దుకాణాల్లో, వర్క్‌షాపుల్లో పని నేర్పే ఉస్తాదులారా, పని చెడగొట్టిన కుర్రవాడిని నలుగురిలో తిట్టే ముందు, ఆ పనిని మనం అతనికి సరిగా చూపించామా అని మనల్ని మనమే ప్రశ్నించుకుందాం.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. కష్టపడిన ప్రతివాడికీ కోరిన ఫలితం దక్కుతుందని నేను అనడం లేదు. అనారోగ్యం, పేదరికం, ఇంటి బరువు ఎందరినో వెనక్కి లాగుతాయి. వారిని సోమరులని నిందించడం అన్యాయం. అల్లాహ్ ఏ ప్రాణిపైనా దాని శక్తికి మించిన భారం మోపడు. ఆయన మన నుంచి కోరేది ప్రయత్నం. ఫలితం ఆయన చేతిలో ఉంది. బలమైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కంటే మేలనీ, అయితే ఇద్దరిలోనూ మేలు ఉందనీ దైవప్రవక్త (స) తెలిపారు. ప్రయోజనకరమైన దాని కోసం ఆరాటపడమని, అల్లాహ్ సహాయం కోరమని, చేతులు ముడుచుకోవద్దని బోధించారు. ఆపై ఏదైనా నష్టం జరిగితే 'అలా చేసి ఉంటేనా' అని కుమిలిపోవద్దన్నారు. ప్రయత్నానికి ముందు నిరాశ వద్దు, ఓటమి తరువాత కుమిలిపోవడం వద్దు.

కొద్దిగా చేసినా క్రమం తప్పక చేసే పనే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనది. కాబట్టి ఈ జుమా నుంచి వచ్చే జుమా వరకు ప్రతి ఒక్కరూ "నాకు రాదు" అని వదిలేసిన ఒక్కదాన్ని ఎంచుకోండి. రోజుకు ఒక్క వాక్యం, ఒక్క లెక్క, ఒక్క పనిముట్టు చాలు. వచ్చినవారు రానివారి పక్కన కూర్చోండి. జ్ఞానంలో సమస్త మానవాళికి మిన్న అయిన దైవప్రవక్త (స)నే, తన జ్ఞానాన్ని ఇంకా పెంచమని వేడుకోవలసిందిగా అల్లాహ్ ఆదేశించాడంటే, ఇక చాలు అనుకోవడానికి మనమెంతటివాళ్లం?

ఓ అల్లాహ్! మాకు ప్రయోజనకరమైన జ్ఞానాన్ని ప్రసాదించు. అశక్తత నుంచి, సోమరితనం నుంచి మమ్మల్ని కాపాడు. మా పిల్లల హృదయాల్లో ధైర్యాన్ని, మా నాలుకలపై మృదుత్వాన్ని నింపు. పని కోల్పోయినవారికి ధర్మసమ్మతమైన ఉపాధి మార్గాలు తెరువు. తడబడుతూ పఠించే మా పెద్దల పఠనాన్ని స్వీకరించు. ఆమీన్.