పాకాల చెరువుకు ఒకరోజు నడక

వరంగల్ జిల్లా నర్సంపేటకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, అడవి కొండల నడుమ ఉంటుంది పాకాల చెరువు. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో, కొండల మధ్య కట్ట పోసి దీన్ని నిర్మించారు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ నీళ్లతో ఇప్పటికీ వరి పండుతోంది. చుట్టూ ఉన్న అడవి వన్యప్రాణి అభయారణ్యం.

ఇక్కడ నడవడానికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. వానలకు చెరువు నిండి ఉంటుంది, ఎండ తక్కువ, వలస పక్షులూ కనిపిస్తాయి. వేసవిలో ఆకు రాలిన టేకు చెట్ల కింద నీడ కరువు. చలికాలంలో పొద్దు త్వరగా గుంకుతుంది కాబట్టి తెల్లవారుజామునే వరంగల్‌లో బయలుదేరి, నాలుగింటికల్లా తిరుగుముఖం పట్టడం మేలు. నర్సంపేట దాకా ఆర్టీసీ బస్సులుంటాయి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవాలి. తిరుగు ప్రయాణానికీ అదే ఆటోను కుదుర్చుకోకపోతే చీకట్లో చిక్కే.

కట్ట మీద నడక తేలికే. అడవి లోపలికి వెళ్లాలంటే మాత్రం అటవీశాఖ అనుమతి కావాలి. చిరుత, ఎలుగుబంటి తిరిగే చోటు కనుక ఒంటరిగా వెళ్లకూడదు. మనిషికి రెండు మూడు లీటర్ల నీళ్లు, మధ్యాహ్నం దాకా పాడవని పులిహోర, గట్టి బూట్లు ఉంటే చాలు. పొట్లం విప్పితే కోతులు వదలవు, తిండిని సంచిలోనే దాచాలి. ఎంత ఉక్కగా ఉన్నా చెరువులో దిగవద్దు. తూముల దగ్గర లోతు పైకి తెలియదు.