తీపి పులుపు పంది మాంసం – ఇంటిల్లిపాదీ ఒక్కచోట భోజనం
(జంగారెడ్డిగూడెంలో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఏటా ఈ రోజున మనం కలుసుకునేది అందుకే. డి.ఎ. గురించి, వైద్య బిల్లుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. ఇంటికి పనికొచ్చే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. 33 సంవత్సరాలు గుమాస్తాగా ఫైళ్లు రాసి, రిటైరయ్యాక వంట నేర్చుకున్నవాణ్ని నేను. కనుక వంట గురించే మనవి చేస్తాను. చైనావారి తీపి పులుపు పంది మాంసం, అదే స్వీట్ అండ్ సోర్ పోర్క్ అంటారే, దాన్ని ఇంట్లో చేసుకోవడం ఈనాటి నా విషయం.

కొందరు ముఖం చిట్లించడం కనిపిస్తూనే ఉంది. తిననివారిని తినమని చెప్పడానికి నేను రాలేదు. ఎవరి మతం వారిది, ఎవరి ఆచారం వారిది. అయితే మన పిల్లలు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలలో ఉంటున్నారు, అక్కడ అలవాటు పడుతున్నారు. సెలవులకు వచ్చినప్పుడు ఇంట్లో చెప్పకుండా బయట తిని వస్తున్నారు. మా పెద్ద మనవడి సంగతీ అంతే. దాచుకుని బయట తినేకంటే ఇంట్లో శుభ్రంగా వండుకుని అందరి మధ్యా కూర్చుని తినడం మేలని నా అభిప్రాయం. మా ఆవిడ కోడి, చేప తింటుంది గాని పంది మాంసం గడప దాటనివ్వదు. చివరికి పెరటి వసారాలో వేరే పొయ్యి, వేరే మూకుడు అన్న షరతుల మీద అనుమతి మంజూరైంది.

ఇది దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతపు వంట. అక్కడినుంచి వలస వెళ్లినవారితో పాటు ఇంగ్లండు, అమెరికాలకు చేరింది. మన దేశంలో చైనావారు 18వ శతాబ్దం చివరినుంచే కలకత్తా ప్రాంతంలో స్థిరపడ్డారు. అక్కడి టాంగ్రా పేట తోళ్ల పనికీ, చైనా భోజనానికీ పేరు పొందింది. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో చికెన్ మంచూరియన్ చేశారని చెబుతారు. మన బస్టాండు దగ్గర బండిమీద పిల్లలు తినే గోబీ మంచూరియా ఆ బాపతుదే. మంచూరియా దేశానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

పేరు కొత్తదే గాని రుచి మనకు కొత్త కాదు. ముక్కల పులుసులో చింతపండుతోపాటు బెల్లం వేసేది మనమే. కొవ్వున్న మాంసానికి పులుపు తగిలితే ముఖం మొత్తదు. గోంగూర మాంసంలో, చింతచిగురు మాంసంలో ఉన్న కిటుకు అదే. 2022లో మన జిల్లా పశ్చిమ గోదావరి పోయి ఏలూరు అయింది గాని, మన నాలుక మారలేదు కదా!

వంటకు ముందు ఆరోగ్యం సంగతి చెప్పాలి. సరిగా ఉడకని పంది మాంసంలో బద్దెపురుగు పిల్లలుంటే అవి మన పేగులో చేరి పెద్ద పురుగులవుతాయి. ఆ మనిషి మలంలో పురుగు గుడ్లు బయటికొస్తాయి. కడగని చేతుల ద్వారా, నీటి ద్వారా, పచ్చి కూరల ద్వారా ఆ గుడ్లు మరొకరి కడుపులోకి పోతే, అక్కడినుంచి పిల్లలు మెదడుకు చేరి తిత్తులు కట్టి మూర్ఛ తెప్పించగలవు. ఈ జబ్బు పాతుకున్న ప్రాంతాలలో మూర్ఛ రోగులలో సుమారు 30 శాతం మందికి ఇదే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక్కడొక మాట గమనించండి. పంది మాంసం ఎన్నడూ ముట్టని శాకాహారికి కూడా ఇది రావచ్చు. కాబట్టి చేతులు కడుక్కోవడం, మరుగుదొడ్డి వాడటం, కూరలు కడగటం తినేవారికీ తిననివారికీ సమానమే.

మాంసం కొనేటప్పుడు, శుభ్రమైన షెడ్డులో దాణా పెట్టి పెంచిన పందిదేనా అని అడిగి తీసుకోండి. మాంసంలో తెల్లగా బియ్యపు గింజల్లాంటి బుడిపెలు కనబడితే తీసుకోవద్దు. మనకు అడవి దగ్గర. అడవిపంది మాంసమని ఎవరైనా తెస్తే తిప్పి పంపండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవిపందిని వేటాడటం నేరం.

ఇక చేసే విధానం. నలుగురికి అరకిలో, ఎముకలేని, కొవ్వు తక్కువ మాంసం చాలు. ముప్పాతిక అంగుళం ముక్కలు కోసి, కొంచెం అల్లం, మిరియాలు వేసి, మునిగేటన్ని నీళ్లలో 25 నిమిషాలు ఉడికించి వార్చండి. కాంటన్‌వారు పచ్చి ముక్కలే వేయిస్తారు. మనం ముందు ఉడికించడానికి కారణాలు రెండు: పురుగు భయం ఉండదు, కట్టుడు పళ్లవారికి మెత్తగా ఉంటుంది. ఆరిన ముక్కలకు ఒక గుడ్డు, నాలుగు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్, రెండు చెంచాల మైదా పట్టించండి. కార్న్‌ఫ్లోర్ అంటే తెల్లటి గంజిపొడి. మన చేలో మొక్కజొన్నలు మరపట్టించిన పిండి కాదు. కాగిన నూనెలో ఒకసారి లేతగా వేయించి తీసి, అయిదు నిమిషాలాగి, మంట పెంచి మళ్లీ నిమిషంపాటు వేయిస్తే కరకరలాడతాయి.

పులుసుకు వెనిగర్, పంచదార, టమాటా కెచప్ మూడేసి పెద్ద చెంచాలు, సోయా సాస్ ఒక చెంచా, నీళ్లు అరకప్పు, అందులో కలిపిన కార్న్‌ఫ్లోర్ ఒక చిన్న చెంచా. మూకుట్లో కొద్ది నూనె వేసి ఉల్లిపాయ, కాప్సికం, అనాసపండు ముక్కలు గుప్పెడేసి పెద్ద మంటమీద రెండు నిమిషాలు తిప్పాలి. అవి మెత్తబడకూడదు. పులుసు పోసి, చిక్కబడగానే మాంసం ముక్కలు వేసి కలిపి దించాలి. కొల్లేటి చేపల పులుసు మర్నాటికి రుచెక్కుతుంది. ఇది మాత్రం వెంటనే తినాలి, లేకపోతే నానిపోతుంది.

మా ఇంట్లో పులుసు ముందుగా లోపలి పొయ్యిమీద చేసి రెండు భాగాలు చేస్తాము. ఒక భాగం వసారాలోకి వస్తుంది. రెండో భాగంలో వేయించిన కాలీఫ్లవర్ ముక్కలు వేస్తాము. అది మా ఆవిడకు. పులుసు ఒక్కటే, ముక్కలు వేరు. పంక్తి మాత్రం ఒక్కటే.

షుగరు ఉన్నవారు పంచదార సగానికి తగ్గించండి, అనాసపండులో తీపి ఎలాగూ ఉంది. బి.పి. ఉన్నవారు విడిగా ఉప్పు వేయవద్దు. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లోనే రెండు గ్రాములకు పైగా ఉప్పుంటుంది. రోజంతటికీ అయిదు గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇది నూనెలో వేయించిన వంట. నెలకొకసారి నాలుగైదు ముక్కలు చాలు.

చివరిగా ఒక్క విన్నపం. తెలుగునేల మీద పందుల పెంపకం తరతరాలుగా ఎరుకలవారికి జీవనాధారం. ఆ పని మీద ఉన్న చులకన ఆ మనుషుల మీదికి పాకింది. అదే పందుల మీద తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తే మనం గౌరవిస్తాము. మాంసం మనకు నచ్చకపోవచ్చు, అది మన ఇష్టం. దాన్ని పెంచి, అమ్మి పిల్లల్ని చదివించుకునే మనిషిని "ఏమండీ" అని పిలవడానికి మనకు ఖర్చేమీ లేదు. మన మనవలు మన నోటినుంచి నేర్చుకునేది అదే.