మన వంటింటికి ఒక నోటుబుక్కు
(మహిళా వేదికలో చేసిన ప్రసంగ పాఠం)



వేదిక మీదున్న పెద్దలకు, పిల్లల్ని డ్యాన్సు రిహార్సల్‌కి దింపి పరుగున ఇటొచ్చిన అమ్మలకు, భోజనాల హాలు తలుపులు తెరిచేలోగా ఎక్కడో ఒకచోట కూర్చుందామని వచ్చిన అన్నయ్యలకు కూడా నమస్కారం. అన్నయ్యలూ, ఈ ప్రసంగం సగం మీ కోసమే. చివరిదాకా ఉండండి.

నాకిచ్చిన అంశం గృహ నిర్వహణ. చిట్కాలు చెప్పమన్నారు. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళ వంటింటి అనుభవం అంతా కలిపితే కొన్ని వందల ఏళ్ళు దాటుతుంది. మీకు తెలియని చిట్కా నా దగ్గర ఏముంటుంది? అందుకని ఒక్క మాట ఎంచుకున్నాను. చెప్పదలచుకున్న చిట్కాలన్నీ దాని చుట్టూనే చెబుతాను. మన ఇల్లు నడిచే తీరు ఒక్కరి తలలోనే ఉండిపోకూడదు. అది ముందు కాగితం మీదికి రావాలి, తర్వాత ఇంట్లో అందరి చేతుల్లోకీ వెళ్ళాలి. ఇదే ఆ మాట.

ఎందుకంటారా? మా ఊళ్ళో ఒక స్నేహితురాలికి ఆపరేషన్ అయింది. ఆరు వారాలు బరువులెత్తొద్దు, పొయ్యి దగ్గర నిలబడొద్దు అన్నారు డాక్టర్లు. మనవాళ్ళు ఇలాంటప్పుడు వెనకాడరు కదా. వంతులు వేసుకుని ట్రేలు తెచ్చారు. బిర్యానీ, పనీరు కూర, గులాబ్ జాములు, ఫ్రిజ్ తలుపు పట్టనన్ని. మూడో వారంలో నేను చూడటానికి వెళితే ఆవిడ మెల్లగా అన్న మాట ఇది. "అందరూ ప్రేమగా తెచ్చారు, కాదనను. కానీ వేడి వేడి అన్నంలో మా ఇంటి చారు పోసుకుని నాలుగు ముద్దలు తినాలనుంది."

వాళ్ళాయన మంచి మనిషి, పెద్ద ఉద్యోగం. వెంటనే వంటింట్లోకి వెళ్ళారు. అక్కడ ముప్ఫై డబ్బాలు. ఒక్కదాని మీదా పేరు లేదు. జీలకర్ర ఏదో సోంపు ఏదో ఆయనకు తెలియదు. మంచం మీద నుంచి ఆవిడ చెబుతోంది, ఆయన చేస్తున్నారు. "చింతపండు ఎంత?" అంటే, "నిమ్మకాయంత" అంది. ఆయన ఫ్రిజ్‌లో ఉన్న నిమ్మకాయ తీసి పక్కన పెట్టుకుని సరిగ్గా అంత ఉండ చేశారు. ఈ దేశంలో దొరికే పసుపుపచ్చ నిమ్మకాయ కోడిగుడ్డు కంటే పెద్దది! ఆ చారు ఎవరూ నోట పెట్టలేకపోయారు. తర్వాత ఈ కథ చెప్పుకుని మేమందరం నవ్వుకున్నాం. ఆవిడ మాత్రం ఆ రోజు నవ్వలేదు. ఒంట్లో బాగాలేనప్పుడు మనిషికి కావలసింది విందు భోజనం కాదు, తన ఇంటి రుచి. ఇరవై ఏళ్ళు ఇంటిల్లిపాదికీ ఆ రుచి అందించిన మనిషికి, తనకు అవసరమైనప్పుడు అది దొరకలేదు.

కాబట్టి మొదటి పని కొలత. "మా అమ్మ ఏనాడూ కొలవలేదండీ, అంతా కళ్ళతోనే" అని గొప్పగా చెప్పుకుంటాం. కానీ మన పెద్దవాళ్ళకు కొలతలు లేకపోవడమేమిటి? నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. మా నాయనమ్మ బియ్యం డబ్బాలో సోల ఎప్పుడూ ఉండేది. ఏళ్ళ తరబడి అదే సోలతో, అదే గిన్నెలో వండితే చెయ్యి దానంతట అదే కొలవడం నేర్చుకుంటుంది. మనం ఊరు మార్చాం, గిన్నెలు మార్చాం, బియ్యం మార్చాం. పిల్లలకు మాత్రం "చూసి వేసెయ్" అని చెబుతున్నాం. ఏం చూడాలో వాళ్ళకెలా తెలుస్తుంది?

కప్పు సంగతే చూడండి. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లు. ఇక్కడి వంట కొలతల కప్పు దాదాపు 240. రెండూ కప్పులే! బియ్యం ఒకదానితో, నీళ్ళు ఇంకోదానితో పోస్తే అన్నం ముద్దయినా అవుతుంది, పలుకైనా అవుతుంది. మీ నోటుబుక్కు మొదటి పేజీలో "మా ఇంట్లో కప్పు అంటే ఇది" అని రాసిపెట్టండి.

ఉప్పు సంగతి ఇంకా ముఖ్యం. మెత్తటి టేబుల్ సాల్టు, పలుకుగా ఉండే కోషర్ ఉప్పు ఒకే కప్పుతో కొలిచినా ఒకే బరువు తూగవు. కోషర్ ఉప్పులో కొన్ని రకాలు సగం బరువే ఉంటాయి. చారులో అయితే రుచి చూసి ఇంకాస్త వేసుకుంటాం. ఆవకాయలో అలా కుదరదు. ఉప్పు తగ్గితే ఊరగాయ నిలవుండదు. కాయ ముక్కల దగ్గర్నుంచి ఆవపిండి, కారం, ఉప్పు, నూనె దాకా అన్నీ గ్రాముల్లో తూచి రాసుకోండి. వంటింటి త్రాసు పెద్ద ఖరీదు కాదు. ఒకసారి కుదిరిన ఆవకాయ లెక్క కాగితం మీద ఉంటే, వచ్చే ఏడాది మళ్ళీ కుదురుతుంది.

మరి అమ్మ చేతి లెక్క ఎలా పట్టుకోవాలి? అడిగితే "ఎంతో ఏమిటే, తగినంత" అంటుంది. దానికొక ఉపాయం ఉంది. ఆవిడ వంట మొదలుపెట్టక ముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, చింతపండు డబ్బా తూచి పెట్టుకోండి. వంట అయ్యాక మళ్ళీ తూచండి. తగ్గినదెంతో అదే అమ్మ "తగినంత". ఆవిడ చేతికి అడ్డం పడనక్కర్లేదు.

రాయడం ఎలాగో చెప్పడానికి మా ఇంటి చారు పేజీ చదువుతాను. నలుగురికి: చింతపండు 20 గ్రాములు, నీళ్ళు పెద్ద కప్పుతో నాలుగు, టమాటా ఒకటి, ఉప్పు ఒకటిన్నర టీస్పూన్లు, పసుపు పావు టీస్పూను, చారుపొడి రెండు టీస్పూన్లు, ఉసిరికాయంత బెల్లం. ఇక్కడ పుట్టిన పిల్లలు ఉసిరికాయ చూడలేదు కాబట్టి పక్కనే "10 గ్రాములు" అని కూడా రాశాను. చింతపండు వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి, పిసికి, వడకట్టి, టమాటా ముక్కలు, పొడులు, బెల్లం అన్నీ వేసి పది నిమిషాలు మరగనివ్వాలి. నెయ్యి రెండు టీస్పూన్లు, ఆవాలు, జీలకర్ర అరేసి టీస్పూను, ఎండుమిరపకాయలు రెండు, ఇంగువ చిటికెడు, కరివేపాకు ఒక రెమ్మ, ఇవి పోపు. చివర కొత్తిమీర. చారుపొడికి ధనియాలు నాలుగు చెంచాలు, మిరియాలు, జీలకర్ర, కందిపప్పు ఒక్కొక్క చెంచా, ఎండుమిరపకాయలు రెండు, సన్నటి సెగ మీద వేయించి పొడి చెయ్యాలి. ఇంతే. పన్నెండేళ్ళ పిల్ల చదివి చెయ్యగలగాలి. అదే పరీక్ష.

కొలతలతో పాటు "ఎందుకు" అన్నది కూడా రాయండి. పప్పు మెత్తబడ్డాకే చింతపండు వెయ్యాలి, పులుపు ముందే తగిలితే పప్పు త్వరగా ఉడకదు. పప్పు వండేటప్పుడు కుక్కరు సగానికి మించి నింపకూడదు, నురుగు పొంగి ఆవిరి రంధ్రానికి అడ్డం పడుతుంది. కారణం తెలిసినవాళ్ళు మర్చిపోరు.

ఇడ్లీ పిండి సంగతి. ఒకటికి రెండు, మినప్పప్పు, ఇడ్లీ రవ్వ, ఇది అందరికీ తెలిసిందే. చలికాలంలో ఇల్లు 68 డిగ్రీల దగ్గర ఉంటే రాత్రికి రాత్రి పిండి పులవదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి గిన్నె అందులో పెట్టేది చాలామందిమి. అయితే ఓవెన్ మీట మీద "లోపల పిండి ఉంది" అని కాగితం అంటించడం మర్చిపోకండి. పొద్దున్నే పిజ్జా కోసం ఓవెన్ వెలిగించే అబ్బాయికి ఆ సంగతి తెలియదు పాపం!

ఇప్పుడు జాగ్రత్తల పేజీ. మిగిలిన అన్నం పొయ్యి మీదే వదిలేసి పడుకోవడం మనకు అలవాటు. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా చాలాసేపు ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. మళ్ళీ వేడిచేసినా ఆ విషం పూర్తిగా పోదు. అందుకే ఇక్కడి ప్రభుత్వ ఆహార నిపుణులు వండిన పదార్థాలు రెండు గంటల్లోగా, బయట 90 డిగ్రీలు దాటిన ఎండాకాలంలో అయితే గంటలోగా ఫ్రిజ్‌లోకి చేరాలంటారు. ఫ్రిజ్ 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు తక్కువ ఉండాలి. అన్నాన్ని లోతు లేని పళ్ళాల్లో పరిచి పెడితే త్వరగా చల్లారుతుంది. కారు ప్రయాణానికి కట్టుకునే దద్ధోజనానికైనా ఐసు పెట్టె తప్పదు.

పోపు పొగ గురించి ఒక మాట. అపార్టుమెంట్లలో పొయ్యి మీదుండే ఫ్యాన్లు చాలావరకు పొగను బయటికి పంపవు, వడకట్టినట్టు చేసి మళ్ళీ ఇంట్లోకే వదులుతాయి. మీ ఫ్యాను ఎలాంటిదో ఒకసారి చూసుకోండి. పోపు పెట్టేముందు కిటికీ తీసి, కోట్లు తగిలించే అలమర తలుపు మూసెయ్యండి. ఇది చిన్న విషయం కాదు. బడిలో ఎవరో ముక్కు మూసుకున్నారని మన వంటనే వద్దనే పిల్లలున్నారు. తలుపు మూస్తే కోటుకు వాసన పట్టదు, మన ఇంగువ మీద పిల్లలకు కోపమూ రాదు. పొగ అలారం మోగుతోందని దాని బ్యాటరీ మాత్రం తియ్యకండి. మూకుట్లో నూనె అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు. పొయ్యి ఆపి, మూత పెట్టి, చల్లారేదాకా ముట్టుకోకూడదు. ఇది ఇంట్లో ప్రతి ఒక్కరికీ తెలియాలి. వేయించగా మిగిలిన నూనె సింకులో పొయ్యకండి. గొట్టంలో గడ్డకట్టాక ప్లంబరుకిచ్చే డబ్బుతో నాలుగు డబ్బాల నెయ్యి వస్తుంది.

ఇక పంపకం. కాగితం రాసి సొరుగులో పెడితే ఉపయోగం లేదు. ముందుగా డబ్బాల మీద పేర్లు రాయండి, తెలుగులో. పిల్లల చేత రాయించండి. ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలకు మన అలమరను మించిన పాఠ్యపుస్తకం లేదు. "జీలకర్ర" అని నాలుగుసార్లు వెతికిన పిల్లకి ఆ మాట ఇక మరిచిపోవడమంటూ ఉండదు. ఇండియా నుంచి వచ్చిన అత్తగారు కూడా మన వంటింట్లో పరాయిదానిలా తడుముకోనక్కర్లేదు.

తర్వాత ఒక్కొక్కరికి ఒక్కొక్క పని సొంతం చెయ్యండి. "కాస్త సాయం చెయ్యండి" అని అడగొద్దు. సాయం అంటే పని మనది, దయ వాళ్ళది అని అర్థం. ఎనిమిదేళ్ళవాడు బియ్యం కడగగలడు. పన్నెండేళ్ళకు, పెద్దవాళ్ళు పక్కనుంటే, పోపు పెట్టగలరు. పదహారుకు పప్పు, ఒక కూర, పెరుగు తోడు పెట్టడం వచ్చి ఉండాలి. పాలు 180 డిగ్రీల దాకా కాచి, 110కి చల్లారాక తోడు వెయ్యడమే కదా, డార్మ్‌కి వెళ్ళేముందు నేర్పితే చాలు. అన్నయ్యలకు వారంలో ఒక రాత్రి వంట, అంగడికి వెళ్ళడం నుంచి గిన్నెలు తోమడం దాకా. ఆ రోజు మనం పక్కన నిలబడి "అలా కాదు, ఇలా" అనకూడదు. నిజం చెప్పాలంటే పంపకంలో మనకు కష్టమైన భాగం ఇదే. మన చేతి రుచి మనకొక గౌరవం ఇచ్చింది. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనసు కొంచెం వెనకాడుతుంది. పెడితే మన గౌరవం తగ్గదు. మన తర్వాత కూడా ఆ చారు ఆ ఇంట్లో మరుగుతుంది.

చెప్పడం మరిచాను. మా స్నేహితురాలి పదమూడేళ్ళ కూతురు ఆ వారమే అమ్మ మంచం పక్కన కూర్చుని, అడిగి అడిగి చారు లెక్క రాసుకుంది. రెండోసారి పెట్టిన చారు కుదిరింది. ఇప్పుడా అమ్మాయి కాలేజీలో ఉంది. తన గదిలో తెలుగు రాని స్నేహితులకు కూడా కప్పుల్లో పోసి ఇస్తోందట.

ఈ మూడు రోజుల సభల్లో మనం నగలు చూస్తాం, చీరలు కొంటాం, పాత స్నేహితుల్ని కలుస్తాం. వాటితో పాటు ఇంటికి వెళ్ళగానే ఒక నోటుబుక్కు కొనండి. మొదటి పేజీలో కప్పు కొలత, రెండో పేజీలో మీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మొదట అడిగే వంటకం రాయండి. అమ్మ, అత్తగారు ఉన్నవాళ్ళు ఈ వారమే ఫోను చేసి ఒక్క వంట లెక్క అడగండి. వాళ్ళు మురిసిపోతారు కూడా. రెండేళ్ళ తర్వాత మళ్ళీ కలిసినప్పుడు ఎన్ని పేజీలు నిండాయో అడుగుతాను. అన్నయ్యల్ని కూడా అడుగుతాను.

భోజనాల హాలు తలుపులు తెరిచినట్టున్నారు.  సెలవు.